గంటా నలభై నిమిషాల దూరం

మా అక్క ఇంటికి వెళ్ళడానికి పద్దెనిమిది గంటలు పట్టే రోజుల్లో నేను ఏడాదికి ఒకసారి తప్పకుండా వెళ్ళేవాణ్ణి. గంటా నలభై నిమిషాల్లో చేరే వీలు వచ్చాక నాలుగేళ్ళ పాటు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని చూస్తే నాకే సిగ్గేస్తుంది.

మాది పుదుచ్చేరిలో ముత్తియాల్‌పేట. మా తాతల నాటి నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మ నూలు మిల్లులో షిఫ్టు పని చేసేది, నాన్న ధాన్యం మండీలో కాటా దగ్గర ఉండేవాడు. నన్ను పెంచింది అక్కే. నాకంటే ఏడేళ్ళు పెద్దది. నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళేది, చేపలమ్మతో బేరమాడేది, లేత్ షాపుల ముందు సైకిల్ తొక్కుతూ నన్ను వెనక కూర్చోబెట్టుకునేది. ఇవన్నీ తమిళంలోనే జరిగేవి. అమ్మ ముందు మాత్రం ఇద్దరం తెలుగులోకి మారిపోయేవాళ్ళం.

నాన్నకు ఒకే పట్టుదల, అల్లుడు తెలుగువాడై ఉండాలని. వెతగ్గా వెతగ్గా హైదరాబాదులో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన దొరికాడు. ముప్ఫై రెండేళ్ళ కిందట అక్క ఆ ఇంటి కోడలైంది. వెళ్ళిన మొదటి నెలలోనే ఆమె నోరు విప్పితే అక్కడ నవ్వులు. మా ఇంటి తెలుగులో సగం మాటలు తమిళం, మిగతా సగానికి తమిళపు యాస. మా బావ తల్లి మాత్రం నవ్వలేదు, సూటిగా చెప్పేసింది, ఈ అరవ మాటలు మన ఇంట్లో వద్దని. అక్క ఎదురు చెప్పలేదు. కొన్నేళ్ళలో అక్కడి తెలుగు నేర్చుకుంది, నాతో ఫోనులో కూడా అదే మాట్లాడేది. నేను మరిచిపోయి తమిళంలో ఏదైనా అంటే, జవాబు తెలుగులో వచ్చేది.

నాకు అప్పట్లో తెలుగు చదవడం, రాయడం వచ్చేవి కావు, నేను తమిళ బడిలో చదివినవాణ్ణి. అక్కకూ అంతే. కూతురు బడిలో చేరినప్పుడు ఆ పిల్ల వాచకం పక్కనుంచి చూసి తనూ నేర్చుకుంది. తర్వాత అదే వాచకం నాకు పోస్టులో పంపింది. నెలకో ఉత్తరం తెలుగులో రాయాలని షరతు. నేను రాసింది ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేది. ఈ రాత నాకు అలా వచ్చింది.

ఏటా వేసవిలో నేను బయల్దేరేవాణ్ణి. మా పక్కనే ఉన్న జాలరిపేట సోలై నగర్‌లో ఎండు నెత్తళ్ళు కొని, వాసన రాకుండా నాలుగు కవర్లు చుట్టి, చెన్నైకి బస్సు, అక్కణ్ణుంచి రైలు. పొద్దున ఇల్లు వదిలితే మరునాటికి చేరేవాణ్ణి. ఒళ్ళు నొప్పులు ఉండేవి. అయినా వెళ్ళకూడదని ఎప్పుడూ అనిపించలేదు. అంత దూరం కాబట్టి ముందే సెలవు పెట్టాలి, టిక్కెట్టు తీయాలి, ఇంట్లో చెప్పాలి. ఒకసారి ఇన్ని పనులు మొదలుపెట్టాక మానుకోవడం ఉండదు.

మా లాస్‌పేట విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు విమానం వేశారని తెలిసినప్పుడు ఆ సంగతి నాకు చెప్పింది కూడా అక్కే. మేనకోడలి చేత ఫోనులో వెతికించిందట. రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు, గాలిలో ఎన్ని, ఎంతసేపు పడుతుంది, అన్నీ వరసగా చదివి వినిపించింది. ఇక్కడ టిఫిను తిని ఎక్కితే అక్కడ భోజనానికి కూర్చోవచ్చంది. ఆమె గొంతులో అంత సంబరం నేను అంతకుముందు వినలేదు.

నేను వస్తానన్నాను. నిజంగానే వెళ్దామనుకున్నాను కూడా. కరెంటు ఆఫీసులో నా ఉద్యోగం, ఆ ఏడు పని ఎక్కువగా ఉంది. గంటన్నర ప్రయాణమే కదా, ఏ శనివారమైనా వెళ్ళి రావచ్చనుకున్నాను. శనివారాలు గడిచాయి. తర్వాత కరోనా వచ్చింది. తర్వాత ఆ విమానం కొంతకాలం ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టారు. రైల్లో వెళ్ళవచ్చు, కానీ విమానం ఉంటుందని తెలిశాక పద్దెనిమిది గంటలు కూర్చోవడానికి మనసు రాలేదు. అక్క మొదట్లో ఎప్పుడొస్తావని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. నేను దాన్ని కూడా గమనించలేదు.

ఒకనాటి ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే మేనకోడలు ఫోను చేసింది. నాలుగు రోజుల కిందట అక్కకు పక్షవాతం వచ్చిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణానికి ఇప్పుడు భయం లేదన్నారని, నన్ను కంగారు పెట్టకూడదని ఇన్నాళ్ళూ చెప్పలేదని అంది.

"మామయ్యా, అమ్మ మాట్లాడుతోంది. కానీ ఏం మాట్లాడుతోందో మాకు అర్థం కావట్లేదు" అంది.

మూడు రోజులు నోరు విప్పని మనిషి ముందురోజు సాయంత్రం మాట్లాడటం మొదలుపెట్టిందట. తెలుగు కాదు. మెదడు దెబ్బతిని ఏవో శబ్దాలు వస్తున్నాయని అందరూ అనుకున్నారు. మందులు ఇవ్వడానికి వచ్చిన కేరళ నర్సు నిలబడి విని, ఇది తమిళం కదా అందట. డాక్టరు ఆశ్చర్యపోలేదు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళలో ఇలా ఒకటి నిలిచి మిగతావి పోవడం ఉంటుందని, ఏది నిలుస్తుందో చెప్పలేమని అన్నాడట.

మేనకోడలు ఫోను అక్క చెవి దగ్గర పెట్టింది. నేను అక్కా అన్నాను. అవతల ఊపిరి వినిపించింది. తర్వాత ఆమె మెల్లగా, ముద్దగా, "తంబీ, సాప్టియా?" అంది.

తమ్ముడూ, తిన్నావా అని. ముప్ఫై రెండేళ్ళుగా ఆమె నోట వినని భాష. చెప్పులు వేసుకున్న కాళ్ళతోనే నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ మరునాడే విమానం ఎక్కాను. అదే నా మొదటి విమానం. రెక్కలకు పంకాలున్న చిన్న విమానం, నడిచి వెళ్ళి ఎక్కాలి. కిటికీలోంచి ఊరు, సముద్రం కాసేపు కనిపించాయి, తర్వాత మబ్బు. రైలైతే ఒక రోజంతా ఉండేది. అక్క ముందు ఎలా నిలబడాలి, ఏం మాట్లాడాలి, ఏడవకుండా ఎలా ఉండాలి అనేవి దారి పొడవునా ఆలోచించుకునేవాణ్ణి. ఇక్కడ ఒక్కటీ తేల్చుకోక ముందే దిగుతున్నామని చెప్పారు. నాలుగేళ్ళు వాయిదా వేసిన ప్రయాణం ఇంతేనా అనిపించింది. విమానాశ్రయం నుంచి మౌలాలి దగ్గర ఆసుపత్రికి చేరడానికి, ట్రాఫిక్‌లో, విమానానికి పట్టినంత సేపూ పట్టింది.

అక్క చిన్నదైపోయింది. మూతి ఒక పక్కకు జారింది. నన్ను చూసి ఎడమ చెయ్యి చాపింది. నేను మా ఇంటి తెలుగులోనే అడిగాను, "ఏంది కావాల అక్కా నీకు?" అని. అర్థమైనట్టే కళ్ళు కదిలాయి, జవాబు మాత్రం తమిళంలోనే వచ్చింది. దిండు ఎత్తుగా ఉందట, తీసేయమని. అంతే. ఆ కేరళ నర్సు సెలవులో ఉందట, ఆ ఒక్కటి చెప్పలేక రెండు రోజులుగా ఆమె తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే వాళ్ళు నిద్రమందు వేయిస్తున్నారు.

ఆ దిండు తీశాక ఆమె ప్రశాంతంగా పడుకుంది. మా బావ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన మొహంలో సంతోషం, సిగ్గు రెండూ ఉన్నాయి. ఆ రోజు నుంచీ నేను ఆ మంచం పక్కనే కూర్చున్నాను. ఆమె అన్నది వాళ్ళకు చెప్పడం, వాళ్ళు అడిగింది ఆమెకు చెప్పడం. మజ్జిగ, ఫ్యాను, వీపు దురద, కాలు మడవడం. బావ ఒక నోటుపుస్తకం తెచ్చుకుని తమిళ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. తణ్ణి అంటే నీళ్ళు, వలి అంటే నొప్పి. రిటైరైన మనిషి, చిన్న పిల్లాడిలా రాత్రింబవళ్ళు వాటిని నెమరు వేసుకునేవాడు. అక్కకు ఒంటికీ రెంటికీ ఆయనే చేసేవాడు, నర్సుల్ని ముట్టనిచ్చేవాడు కాదు. నా పెళ్ళాం కదా, నాకేం అసహ్యం అనేవాడు.

నాలుగో రోజు ఉదయం ఆయన ఆమె తల దువ్వుతున్నాడు. అక్క ఆయన్ని కాదు, నన్ను చూస్తూ ఒకటి అంది.

"ఎన్న వీట్టుకు కూట్టిట్టు పో. ఇంగ ఎనక్కు యారుమే ఇల్ల."

నన్ను ఇంటికి తీసుకుపో, ఇక్కడ నాకెవరూ లేరు అని.

బావ దువ్వెన ఆపి నా వైపు చూశాడు. "ఏమంటున్నది?" అని అడిగాడు.

ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన చేతిలో ఆమె జుట్టు ఉంది. "ఇంటికి పోవాలంట బావా" అన్నాను. రెండో మాట మింగేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటికి అంటే ఆయనకు తన ఇల్లే. పరిగెత్తినట్టే వెళ్ళి డాక్టరుతో మాట్లాడాడు. రెండు రోజుల్లో ఇంటికి పంపడానికి ఒప్పించాడు. కిటికీ పక్కకు మంచం జరిపించాడు, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ వేయించాడు. అక్కను తీసుకొచ్చి పడుకోబెట్టినప్పుడు ఆమె గోడలన్నీ ఒకసారి చూసి ఏడ్చింది. ఇది కాదు అంది తమిళంలో. ఏమందని బావ అడిగాడు. అలిసిపోయిందన్నాను.

ఆయన మందులకు బయటికి వెళ్ళినప్పుడు నేను ఆమె పక్కన కూర్చున్నాను. మన ఇల్లు చాలా దూరం కదక్కా అన్నాను. ఎంత దూరమని అడిగింది. అబద్ధం చెప్పాల్సింది. కానీ నోటికి వచ్చింది చెప్పాను, గంటా నలభై నిమిషాలు అని. ఆమె నా మొహంలోకి చూసి, "అప్ప పోలామే" అంది.

అయితే పోవచ్చు కదా. అందులో నిష్ఠూరం లేదు. అంత దగ్గరైతే అభ్యంతరం ఏముంటుందని అడిగినట్టు అంది.

నేను డాక్టరును అడిగాను. కొన్ని వారాల వరకు విమానం వద్దన్నాడు. ఆ తర్వాత కూడా కూర్చోలేని మనిషిని అంత చిన్న విమానంలో తీసుకెళ్ళడం కష్టమని, అంబులెన్సులో రోడ్డు మీద వెళ్తే ఒక రోజు ప్రయాణమని, మధ్యలో ఏమైనా అయితే చెప్పలేమని అన్నాడు. వీలు కాదని మాత్రం అనలేదు. మా ఆవిడకు ఫోను చేశాను. మాది పై అంతస్తు, ఇరుకు మెట్లు, మనిషిని ఎత్తి మోయాలి. ఇవన్నీ చెప్పి ఆమె వద్దంటుందని ఎదురుచూశాను.

"ఏంటికంట అంత ఆలోచన? తీసుకోని రాండి. ముందు గదిలో మంచం ఏస్తాం. నేను చూసుకుంటా గదా" అంది.

ఇక నాకు సాకు లేదు. బావను అడగడం ఒక్కటే మిగిలింది. అడగాలంటే ఎందుకో చెప్పాలి. మీ ఇంట్లో తనకెవరూ లేరంటోందని, ఆమె పక్కబట్టలు ఉతుకుతున్న మనిషికి నేను ఎలా చెప్పను? రోజూ ఈ రోజు అడుగుదామనుకునేవాణ్ణి. ఆయన పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ కనిపించేవాడు. మానుకునేవాణ్ణి. తొమ్మిదో రోజుకు నా సెలవు అయిపోయింది.

వెళ్ళే ముందు అక్క చెవిలో చెప్పాను, వచ్చే వారం వచ్చి తీసుకుపోతానని. ఆమె తలూపింది. ఎడమ చేత్తో నా చొక్కా గుండీ సరిచేసింది.

తర్వాత రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్ళే ముందు వీడియో కాల్. మేనకోడలు ఫోను పట్టుకునేది. అక్కకు ఏం కావాలో అడిగి వాళ్ళకు చెప్పేవాణ్ణి. చివర్లో ఆమె ప్రతిసారీ ఒకే మాట అడిగేది, "ఎప్ప?" అని. ఎప్పుడు? వచ్చే వారం అనేవాణ్ణి. ఏమడిగిందని మేనకోడలు అడిగితే, నేనెప్పుడొస్తానని అడుగుతోందనేవాణ్ణి. అదీ అబద్ధం కాదు. రెండు భాషలు తెలిసినవాడికి అబద్ధం ఆడకుండానే మోసం చేసే వీలుంటుంది.

అయిదో వారంలో ఆమె అడగడం మానేసింది. ఈసారి గమనించాను. ఆ శుక్రవారం సెలవు అర్జీ రాశాను, ఇక బావతో మాట్లాడేస్తానని మా ఆవిడతో అన్నాను. సోమవారం ఉదయం ఫోను వచ్చింది. రెండోసారి వచ్చిన పక్షవాతానికి అక్క తట్టుకోలేదు.

ఆ రోజు ఇక్కణ్ణుంచి విమానంలో చోటు దొరకలేదు. కారు మాట్లాడుకుని చెన్నై వెళ్ళి, అక్కడ విమానం ఎక్కి, సాయంత్రానికి చేరాను. వాళ్ళు నా కోసం ఆగారు. బంధువులు ఆమె గురించి ఆమె నేర్చుకున్న తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఆ ఇంట్లో ఆమె భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు చెప్పడానికేమీ లేదు.

కర్మలు అయిన వారానికి బావ ఫోను చేశాడు. అస్థికలు కొన్ని దాచి ఉంచానని, మీ సముద్రంలో కలపాలని ఉందని, తానే తెస్తానని అన్నాడు. లాస్‌పేట విమానాశ్రయం బయట నిలబడ్డాను. ఆయన భుజానికి సంచి తగిలించుకుని బయటికి వచ్చాడు. హైదరాబాదులో తనిఖీ దగ్గర అస్థికల కుండకు దహనం కాగితం చూపించమన్నారట, చూపించాడట. దారంతా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నానన్నాడు.

మరునాడు పొద్దున సోలై నగర్ వైపు ఒడ్డుకు వెళ్ళాం. వేటకు పోని పడవలు ఇసుక మీద ఉన్నాయి. తెలిసిన పడవాయన ఒకరు మమ్మల్ని కొంచెం లోపలికి తీసుకెళ్ళాడు. ఆ పని ఎక్కువసేపు పట్టలేదు. ఒడ్డుకు వచ్చాక బావ తడిసిన పంచెతోనే ఇసుకలో కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. మాట వెతుక్కుంటుండగానే ఆయనే అన్నాడు.

"ఆమె ఏమన్నదో నాకు ఆ రోజే తెలిసింది. విన్నది విన్నట్టు నోటుపుస్తకంల రాసుకొని పోయి కేరళ నర్సును అడిగిన. మొత్తం చెప్పింది."

నేను తల ఎత్తలేకపోయాను.

"నువ్వు అడుగుతవని చూసిన" అన్నాడు. "అడిగితే పంపుతుంటి. నువ్వు అడగలే. నా అంతట నేను పంపుదామంటే మనసొప్పలే. ముప్ఫై రెండేండ్లు నాతోని ఉండి, ఎవరూ లేరన్నది. పంపితే ఆ మాట నిజమైతదనిపించింది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. మేమిద్దరం ఒకరినొకరు నొప్పించకూడదని చూసుకున్నాం, మధ్యలో ఆమె కిటికీ పక్కన పడుకుని నెలన్నర ఎదురుచూసింది. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది. కాసేపటికి ఆయన లేచి పంచె పిండుకున్నాడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ వడ్డించింది. ఆయన ముందు గదిలో కూర్చుని తిన్నాడు. అక్క చిన్నప్పుడు ఏ గదిలో పడుకునేదని అడిగితే, ఇక్కడే, ఈ గోడ పక్కనే అని చూపించాను. ఆయన లేచి వెళ్ళి ఆ గోడను ఒకసారి ముట్టుకుని వచ్చి కూర్చున్నాడు. తర్వాత మజ్జిగ చాలన్నాడు.

మరునాడు విమానాశ్రయం వరకు స్కూటరు మీద దింపాను. హెల్మెట్ తీసి ఇస్తూ, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. నేనూ అదే అన్నాను. లోపలికి వెళ్ళే వరకు ఉండి, విమానం లేచిన శబ్దం విని, ఆ రోజు సగం పూటే సెలవు కాబట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాను.